సైకిలు ఋషి పాల్ ద వీవీ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములయందు సైకిలు నెరుగని యిల్లు లేదు. పాలక్యానులు తగిలించుకొని తెల్లవారుజామున పట్టణమునకు పోవు పాలవాడును, కల్లుకుండలను మోసికొనివచ్చు గీతపనివాడును, ఉత్తరముల సంచితో ఊరూర తిరుగు తపాలా జవానును, దూరపు బడికి నిత్యము పోయివచ్చు పంతులును చిరకాలము దానినే నమ్ముకొని బ్రదికిరి. గంటకింత యని సైకిళ్ళను అద్దెకిచ్చు దుకాణములు ఒకప్పుడు ప్రతి పేటలోను ఉండెడివి. చేతిగడియారముతోబాటు సైకిలును అల్లునికి పెట్టవలసిన లాంఛనములలో చేర్చిన కాలమును ముసలివారు మరచియుండరు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పార్లమెంటునకు సైకిలుపై వెళ్ళెడివారను ముచ్చట ఈ సీమలో నేటికిని చెప్పుకొందురు.

ఇంతగా మన బ్రదుకులలో కలిసిపోయిన వాహనము ఎవరెవరి చేతులమీదుగా నేటి రూపమునకు వచ్చెనో విచారించువారు తక్కువ. ఇప్పటి బాలుర సైకిళ్ళలో కొన్నింటికి వెనుక చక్రమున ఐదారు పళ్ళబిళ్ళలు దొంతరగా ఉండుటయు, హ్యాండిలు మీది మీటను కదల్చినంతనే గొలుసు ఒక బిళ్ళనుండి మరియొక బిళ్ళకు దుముకుటయు చూచుచున్నాము. ఆ చిన్న దుముకు వెనుక ఒక ఫ్రెంచి పెద్దమనిషి పట్టుదల ఉన్నది. ఆయన పేరు పాల్ ద వీవీ. లోకమునకు వెలోసియో అను కలము పేరుతో ప్రసిద్ధుడు. ఫ్రెంచివారు వాడుకలో సైకిలును వెలో అందురు. ఆ మాటనుండియే ఈ పేరు పుట్టినది.

ఆయన 1853వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీన ఫ్రాన్సు దేశపు దక్షిణభాగమున, ప్రోవాన్సు సీమలోని పెర్న్ అను చిన్న పట్టణమున జన్మించెను. ద్రాక్షతోటలకును, ఓలివు చెట్లకును, మంచి యెండకును పేరుపడిన సీమ యది. బాల్యమునందు లాటిను, గ్రీకు కావ్యములను శ్రద్ధతో చదివెను. ఆ చదువు ఆయనకు జీవనోపాధి కాలేదు. కాని కడవరకు విడిచిపోలేదు. యౌవనమున పట్టు వర్తకములో ప్రవేశించి పని నేర్చుకొని, ముప్పది యేండ్లు నిండకమునుపే స్వంత వ్యాపారము కలవాడయ్యెను. పెండ్లియాడెను, ముగ్గురు బిడ్డలను గనెను. సుఖముగా జరుగు సంసారము. ఆయన స్థిరపడిన సేంతెతియెన్ పట్టణము బొగ్గుగనులకును, తుపాకుల కార్ఖానాలకును, పట్టురిబ్బనుల నేతకును ప్రసిద్ధము. ఇనుమును సన్నముగా చెక్కగల కమ్మరులును, మగ్గపు మర్మము లెరిగిన నేతగాండ్రును ఒకేచోట నుండుటచేత, యంత్రములపై మనసు పోయినవానికి అంతకంటె అనుకూలమైన తావు లేదనవలెను.

అప్పటికి సైకిలు పసిబిడ్డయే. 1817లో జర్మను దేశీయుడైన కార్ల్ డ్రాయిస్ రెండు చక్రముల కొయ్యబండిని చేసెను; దానిపై కూర్చుండి కాళ్ళతో నేలను తన్నుకొనుచు పోవలసినదే. 1860 ప్రాంతమున పారిస్ నగరమున మిషో అను కమ్మరి పనిశాలలో ముందు చక్రమునకు పెడళ్ళు అమర్చిరి. 1870లో ప్రష్యాతో యుద్ధము వచ్చి ఫ్రాన్సున ఆ పని వెనుకబడగా, ఇంగ్లండువారు దానిని అందిపుచ్చుకొని ముందు చక్రమును మనిషియెత్తున పెంచిరి. ఎందుకు పెంచిరనగా, పెడలు చక్రపు ఇరుసునకే బిగించియుండుటచేత కాలు ఒకసారి తిరిగినచో చక్రమును ఒకసారియే తిరుగును. 54 అంగుళముల చక్రమైనచో ఒక్క తిరుగుడునకు పదునాలుగడుగులు పోవచ్చును. అంతకంటె పెంచుదమన్న కాలు అందదు. క్రింద పడినచో తలయే ముందు నేలను తాకును.

1881లో, ఇరువదియెనిమిదవ యేట, ద వీవీ అట్టి యెత్తుచక్రపు బండి నొకదానిని కొనెను. ఆరు గంటలలో నూరు కిలోమీటర్లు పోజాలవని మిత్రుడొకడు పందెము కట్టగా, ఆయన సేంతెతియెన్ నుండి కొండలలోని షేజ్ దియ్యో అను ఊరికి సవారి చేసెను. నూరు కిలోమీటర్లనగా సూర్యాపేటనుండి కోదాడకు పోయి తిరిగివచ్చినను ఇంకను కొంత మిగులు దూరము. అదియును కొండదారి, గట్టి రబ్బరు చుట్టిన చక్రము. పందెము మాట యెట్లున్నను ఆనాడు ఆయనకు వేరొక లాభము కలిగెను. కొట్టులో లెక్కలు వ్రాసికొనుచు కాలము గడుపుచున్న మనిషికి కొండగాలియు, అడవుల వాసనయు, తన బలముతో తాను దూరము పోవుటలోని ఆనందమును ఒక్కసారిగా తెలిసివచ్చినవి.

పట్టు వర్తకపు పనిమీద ఆయన ఇంగ్లండునకు పోవుచుండెడివాడు. కవెంట్రీ నగరము అప్పుడు సైకిలు పరిశ్రమకు పుట్టినిల్లు. 1885లో అచ్చటనే స్టార్లీ అనునతడు రెండు చక్రములను సమముగా చేసి, పెడళ్ళను నడుమకు తెచ్చి, గొలుసుతో వెనుక చక్రమును త్రిప్పు రోవర్ సైకిలును నిర్మించెను. నేడు మనము త్రొక్కుచున్నది దాని సంతానమే. ఇక పెద్ద చక్రముతో పనిలేదు. ముందు పళ్ళచక్రమునకును వెనుక పళ్ళబిళ్ళకును గల నిష్పత్తియే వేగమును నిర్ణయించును. ద వీవీ ఈ మార్పును కన్నులార చూచెను.

1887లో ఆయన బంధుమిత్రులకు మతిపోయినదనిపించు పని చేసెను. సాగుచున్న పట్టు వ్యాపారమును అమ్మివేసి, సేంతెతియెన్‌లో సైకిళ్ళ దుకాణమును తెరచెను. ఆ సంవత్సరమే సైకిలు ప్రయాణములకై ఒక పత్రికను స్థాపించెను. అది తరువాత లె సిక్లిస్త్ అను పేర దేశమంతట వ్యాపించినది. జమాఖర్చుల దృష్టితో చూచినచో ఇది నష్టపు బేరమే. మూడు బిడ్డల తండ్రి, రూఢియైన రాబడిని వదలుకొని, ఇంకను పది యేండ్లు నిలుచునో నిలువదో తెలియని వింతవస్తువుపై ఉన్నదంతయు పెట్టుటను ఏ గుమాస్తాయు మెచ్చడు. ఆయన మరల భాగ్యవంతుడు కాలేదు కూడ. భార్యాబిడ్డలు ఆ సాహసమును ఎట్లు భరించిరో చరిత్రలు అంతగా చెప్పవు. గొప్పవారి జీవితములయందు ఈ పుట తరచుగా ఖాళీగానే యుండును.

మొదట ఇంగ్లీషు సైకిళ్ళను తెప్పించి అమ్మెను. 1889లో తన స్వంత సైకిలును చేయించి దానికి గొలువాజ్ అని పేరు పెట్టెను. ప్రాచీన ఫ్రాన్సు దేశపు పేరు గాల్. దానినుండి పుట్టిన పేరిది. గొలుసు, ఒక పళ్ళబిళ్ళ, నాలుగు మూలల చట్రము గల సామాన్యపు బండియే. చదునునేలపై దానికి వంక లేదు. కాని సేంతెతియెన్ చుట్టును కొండలే. పట్టణమును దాటి దక్షిణముగా పోవలెనన్న గ్రాండ్ బువా అను కనుమ నెక్కవలెను. దానినే రిపబ్లిక్ కనుమ యనియు అందురు. దాని యెత్తు సముద్రమట్టమునకు 1160 మీటర్లకు పైమాట. అచ్చట గొలువాజ్ నడువలేదు; నడిపించువాడు దిగి నడిచెను.

ఇక్కడ కొంచెము లెక్క చెప్పుకొనక తప్పదు. మన దేశపు సామాన్యపు సైకిలు చక్రము 28 అంగుళములది. దాని చుట్టుకొలత రమారమి 88 అంగుళములు. ముందు పళ్ళచక్రమునకు 48 పళ్ళు, వెనుక బిళ్ళకు 16 పళ్ళు ఉన్నచో పెడలు ఒకసారి తిరుగగా వెనుక చక్రము మూడుసార్లు తిరిగి, బండి 22 అడుగులు పోవును. వెనుక 24 పళ్ళ బిళ్ళను పెట్టినచో రెండుసార్లే తిరిగి, 15 అడుగులకు కొంచెము తక్కువ పోవును. దూరము తగ్గినది; కాని కాలిపై పడు భారమును అదే పాళ్ళలో తగ్గినది. మోటబావి కప్పీయు, గానుగ కాడియు తెలిసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు: బలము మిగులవలెనన్న దూరము వదలుకొనవలెను. చదునున మొదటిది మేలు, ఎగువన రెండవది మేలు. రెండును ఒకే బండిలో ఉండిన?

ద వీవీ తన శేషజీవితమును ఈ ప్రశ్నకు ధారపోసెను. మొదట ముందువైపున రెండు పళ్ళచక్రములను బిగించి, కొండ వచ్చినప్పుడు దిగి, గొలుసును చేతితో ఎత్తి ఒకదానినుండి మరియొకదానికి వేసికొనెడివాడు. తరువాత ఎడమవైపునను ఇంకొక గొలుసును, పళ్ళచక్రములను పెట్టి నాలుగు వేగములు సాధించెను. చేతులకు జిడ్డు, కాలహరణము. ఇంగ్లండున పళ్ళచక్రమే విప్పారి పెద్దదగునట్టి ఒక యంత్రము వచ్చినదని విని దానిని తెప్పించి పరీక్షించెను. క్రమముగా, త్రొక్కుచుండగనే గొలుసును ప్రక్కకు నెట్టి బిళ్ళలను మార్చు పద్ధతియే అన్నింటికంటె సుళువైనదని ఆయనకును అనుచరులకును నిశ్చయము కలిగినది. వారిలో జొవన్నీ పనెల్ అనునతడు షెమినో అను పేర అట్టి పరికరమును చేసి అమ్మెను. సేంతెతియెన్ కమ్మరుల నేర్పు ఇచ్చట అక్కరకు వచ్చినది. గొలువాజ్ బండ్లు ఎన్ని అమ్ముడుపోయెను అను చింత కంటె, ఏ బిళ్ళకు ఎన్ని పళ్ళుండవలెను అను చింతయే ఆయనకు హెచ్చు. ప్రతి ప్రయోగమును, అది చెడిపోయినప్పుడు ఎందుకు చెడిపోయెనో ఆ సంగతిని గూడ, పత్రికలో వ్రాసి అందరియెదుట పెట్టెడివాడు. వర్తకులు రహస్యముగా దాచుకొను విషయమును ఆయన చందాదారులకు పంచిపెట్టెను.

ఆయనకు పోరాటము యంత్రముతో కంటె మనుష్యులతో హెచ్చుగా వచ్చినది. పందెగాండ్రకు ఈ మార్పుబిళ్ళలు రుచింపలేదు. ఒకే బిళ్ళతో కొండ నెక్కుటయే మగతనమనియు, బిళ్ళలు మార్చుకొనుట ముసలివారి చేతికర్ర వంటిదనియు వారి వాదము. 1902లో టూరింగ్ క్లబ్బు వారు పిరనీ పర్వతములలోని తుర్మలే కనుమపై సైకిళ్ళకు ఒక పరీక్ష పెట్టిరి. ఆ కనుమ యెత్తు 2115 మీటర్లు. మార్త్ హెస్ అను స్త్రీ మూడు వేగముల గొలువాజ్ పై సవారి చేసి, ఆ కొండదారిలో ఎచ్చటను కాలు నేల మోపలేదని చెప్పుదురు. దారి ప్రక్కల జనము ఆమెను చూచి హర్షధ్వానములు చేసిరట. అంతటి నిదర్శనము కలిగినను, మరుసటి సంవత్సరము తూర్ ద ఫ్రాన్స్ అను మహాపందెమును స్థాపించిన ఆన్రీ దెగ్రాంజ్ మనసు మారలేదు. అట్టి సాధనము నలుబదియైదేండ్లు దాటినవారికే తగునని ఆయన ఎత్తిపొడిచెను. 1903 నాటి మొదటి పందెములో రౌతులు ద వీవీ ఇంటిముంగిటి గ్రాండ్ బువా కనుమమీదుగానే పోయిరి, ఒంటిబిళ్ళ బండ్లతో. తరువాతి కాలమున వెనుక చక్రమునకు రెండు ప్రక్కల రెండు బిళ్ళలు వేసికొని, కొండ మొదట దిగి, చక్రమును ఊడదీసి, త్రిప్పి బిగించుకొనెడివారు. బిగించుకొనునంతలో ప్రక్కవాడు దాటిపోవును. పంతము మనుష్యులచేత ఎంత చాకిరియైనను చేయించును.

ద వీవీ పందెములకే విముఖుడు. తనతో తాను పోటీపడుటకును, దేశము చూచుటకును సైకిలు పుట్టినదని ఆయన నమ్మకము. ఆయన చుట్టును చేరినవారిని సేంతెతియెన్ బడివారని పిలిచిరి. శనివారము సాయంకాలము బయలుదేరి, రాత్రియంతయు త్రొక్కి, తెల్లవారుసరికి తన పుట్టుసీమయైన ప్రోవాన్సు ఎండలోనికి దిగుట ఆయనకు పండుగ. శిష్యులకు ఆయన పెట్టిన నియమములు ఏడు. వానిని మన పెద్దలు ప్రయాణీకులకు చెప్పు మాటలతో పోల్చి చూడవచ్చును. మజిలీలు కొద్దిగా, చిన్నవిగా ఉండవలెను. ఆకలి కాకమునుపే కొంచెము తినవలెను, దప్పిక కాకమునుపే త్రాగవలెను. నిద్రయు ఆకలియు చచ్చునంత అలసట తెచ్చుకొనరాదు. చలి వేయకమునుపే కప్పుకొనవలెను, ఉక్క పోయకమునుపే విప్పవలెను. దారిలో మద్యము, మాంసము, పొగాకు ముట్టరాదు. శక్తికి మించి తొందరపడరాదు. ఇతరులు మెచ్చవలెనని ఎన్నడును త్రొక్కరాదు. ఈ కడపటిది తక్కిన ఆరింటికంటె కష్టము.

మద్యమాంసములు లేనిదే విందు లేని దేశమున పుట్టి, ఆయన శాకాహారి యయ్యెను. పొగాకును ద్వేషించెను. దేశముల మధ్య మైత్రికై కల్పింపబడిన ఎస్పెరాంతో భాషను అభిమానించెను. ఈ విషయములందు ఆయన మొండితనము ఒక్కొక్కప్పుడు హద్దు మీరెడిదనియు ఒప్పుకొనవలెను. సైకిలు పత్రికలో ఆహారనియమములు వ్రాయుటను చందాదారులందరును హర్షించియుండరు. టైర్ల విషయమునను ఆయనది ఎదురీతయే. పందెగాండ్రు సన్నని గట్టి టైర్లు కోరగా, వెడల్పాటి మెత్తని టైరే గతుకుల దారిలో మనిషిని అలసిపోకుండ చేరవేయునని ఆయన వాదించెను. రాళ్ళు తేలిన బాటపై ధాన్యపు బస్తాతో సైకిలు త్రొక్కినవారు ఈ వాదమును కాదనరు.

1914 మొదలు నాలుగేండ్లు సాగిన మహాయుద్ధము ఆ దేశపు యౌవనమును మింగివేసినది. అది ముగియునప్పటికి ద వీవీకి అరువదియైదేండ్లు. 1922 నుండి ఆయన గౌరవార్థము ఏటేట గ్రాండ్ బువా కనుమ నెక్కు సైకిలు ఉత్సవము మొదలైనది. బ్రదికియుండగనే తన పేర జరుగు తిరునాళ్ళను చూచు భాగ్యము ఎందరికి కలుగును? ఆయనయు తెల్లని మీసములతో, తన బండి త్రొక్కుకొనుచు అందరితోబాటు ఎక్కెను. ఈస్టరు పండుగకు ప్రోవాన్సున దేశపు నలుమూలల సైకిలు యాత్రికులు కలిసికొను ఆచారమును ఆయనవలననే పుట్టినది.

వార్ధక్యమునను పుస్తకములు చేయి విడువలేదు. సెనెకా అను రోమను తత్త్వవేత్త తన మిత్రునకు వ్రాసిన లేఖలు ఆయనకు మిక్కిలి ప్రియములు. కాలము చేజారిపోవుటను గూర్చియు, మరణమునకు బెదరకుండుటను గూర్చియు ఆ లేఖలు చెప్పును. భర్తృహరి వైరాగ్యశతకమును చదివినవారికి ఆ దారి పరిచితమే. 1930 ఫిబ్రవరి 27వ తేదీన కూడ ఆయన వానిని చదివియే ఇల్లు వెడలెనని చెప్పుదురు. వయస్సు అప్పటికి డెబ్బదియారు. సేంతెతియెన్ వీధిలో జనసమ్మర్దముండుటచేత సైకిలు దిగి, దానిని నడిపించుకొనుచు పోవుచుండెను. ఎదురుగా వచ్చిన మోటారుకారును తప్పించుకొనుటకై వెనుకకు అడుగు వేయగా, ట్రాముబండి వచ్చి కొట్టినది. లక్షలాది కిలోమీటర్ల దూరము సురక్షితముగా త్రొక్కిన మనిషి, జాగ్రత్తకై బండి దిగినచోట ప్రాణము కోల్పోయెను.

ఆయన దేనికై నలుబదియేండ్లు వాదించెనో అది నెగ్గుటను ఆయన చూడలేదు. తూర్ ద ఫ్రాన్స్ పందెములో బిళ్ళలు మార్చు యంత్రమును 1937లో గాని అనుమతింపలేదు. అప్పటికి ఆయన పోయి ఏడేండ్లయినది. మరి కొలది కాలమునకే పారిస్‌లో అలెక్స్ సింగర్, రెనే హెర్స్ అను ఇరువురు పనివాండ్రు వెడల్పు టైర్లు, మార్పుబిళ్ళలు, దీపములు, సామానుచట్రము అన్నియు ఒద్దికగా కూర్చిన యాత్రాసైకిళ్ళను చేతితో నిర్మించి ప్రఖ్యాతి గాంచిరి. వారి బండ్లను నేటికిని వెదకి కొనువారున్నారు. వారికి రుచి నేర్పినది సేంతెతియెన్ బడియే.

గ్రాండ్ బువా కనుమపై ఆయన స్మారకశిల నిలిచియున్నది. 1947 నుండి వెలోసియో బాణము అను పేర ఈస్టరునకు ఒక యాత్ర జరుగుచున్నది. చిన్న చిన్న జట్లుగా బయలుదేరి, ఇరువదినాలుగు గంటలలో కనీసము 360 కిలోమీటర్లు త్రొక్కి ప్రోవాన్సు చేరవలెను. ముందు చేరినవానికి బహుమానము లేదు. మన హైదరాబాదు–విజయవాడ రహదారిమీదను అప్పుడప్పుడు తెల్లవారుజామున, తలపాగాకు మారుగా గట్టి టోపీలు పెట్టుకొని, చిన్న దీపములు వెలిగించుకొని, దూరపు సవారీ చేయు సైకిలువారు సూర్యాపేట దాటిపోవుట కనబడును. వారి వెనుక చక్రములలో పళ్ళబిళ్ళలు దొంతరలుగా ఉండును.